మక్తల్ మేత భూమి కోసం ఇస్సాకు ఫికర్

మలక్‌పేటలో ఉండే ఇస్సాకు ఇరవై ఆరేళ్లుగా భూముల పటాలు తయారుచేసే ఒక సర్కారు ఆఫీసులో జీపు నడుపుతున్నాడు. ఉపగ్రహం తీసిన బొమ్మలో ఉన్నది నేల మీద నిజంగా ఉందో లేదో చూడటానికి అధికారులు ఊళ్లకు వెళ్తారు. వాళ్లను తీసుకెళ్లి తీసుకురావడమే అతని పని. నువ్వేం చూశావని అతన్ని ఎవరూ ఎన్నడూ అడగలేదు.

మొన్నటి ఏప్రిల్‌లో, కొత్తగా చేరిన అధికారి స్రవ్యను మక్తల్ దిక్కు ఒక ఊరికి తీసుకెళ్లాడు. నాలుగేళ్ల కిందటి బొమ్మలో గడ్డితో కనిపించిన రెండు వందల ఎకరాల మేత భూమి ఈసారి బోసిపోయి ఉంది. స్రవ్య చుట్టూ చూసి, ఎడారిగా మారిన నేల అని రాయబోయింది. అలా రాస్తే పనికిరాని భూమి అని ఇంకెవరికో ఇచ్చేస్తారు. మరో జిల్లాలో అట్లా జరగడం ఇస్సాకు కళ్లారా చూశాడు.

"మేడం, గిది సచ్చిన భూమి కాదు," అన్నాడు, తన నోటికి తానే ఆశ్చర్యపోతూ. వంగి ఒక ఎండు గడ్డి దుబ్బు పీకి, వేరు విరిచి చూపించాడు. లోపల ఇంకా తెల్లగా ఉంది.

దగ్గర్లో గొర్రెలు కాస్తున్న నాగమణమ్మ వచ్చింది. "రెండేండ్ల సంది సరిగ్గ వాన లేదు బిడ్డా. పడితే గడ్డి మోకాలి దాక లేస్తది."

స్రవ్య ఆ వేరును చేతిలోకి తీసుకొని తిప్పి చూసింది. "సరే ఇస్సాకన్నా, వానలు పడేదాక రాయకుండ ఆపుత. మొలవకుంటే మాత్రం సార్‌తోని మాట పడేది నేనే."

అప్పటినుంచి ఇస్సాకుకు నిద్ర కరువైంది. జూన్ పొడిగా పోయింది. ఆదివారం చర్చి అయిపోగానే ఉస్మాన్‌గంజ్ మార్కెట్‌కు వెళ్లి, సరుకు తెచ్చిన లారీవాళ్లను అడిగేవాడు.

"భాయ్, మక్తల్ దిక్కు వాన పడ్డదా?"

"ఏడిదన్నా, దుమ్మే!"

"నీకు ఆడ భూమి గిట్ల ఉన్నదా ఏంది?" అని భార్య చంద్రమ్మ విసుక్కునేది.

జూలై మూడో ఆదివారం ఒక లారీ డ్రైవరు, ఇస్సాకు అడగకముందే తడిసిన టార్పాలిన్ చూపించి నవ్వాడు. "రెండు దినాల సంది మస్తు కొడుతున్నదన్నా!"

ఆగస్టు చివర మళ్లీ వెళ్లారు. గుట్ట మలుపు తిరగగానే గడ్డి కనిపించింది. మోకాలి దాకా కాదు గానీ, పిక్కల దాకా వచ్చింది. గొర్రెలు తలెత్తకుండా మేస్తున్నాయి. ఇస్సాకు బండి ఆపి, స్టీరింగ్ మీద నుదురు ఆనించి కాసేపు అలాగే ఉండిపోయాడు.

తూర్పున నలభై ఎకరాలు మాత్రం బోసిగానే ఉన్నాయి. ఇటుక బట్టీల కోసం ట్రాక్టర్లతో పైమట్టి ఎత్తుకుపోయిన చోటు అది. స్రవ్య అతని వైపు చూసింది.

"గది రాయండి మేడం. గది నిజంగనే పోయింది," అన్నాడు.

ఆమె ఆ నలభైని పాడైన నేల అని, మిగతాదంతా మేత భూమి అని రాసింది. నాగమణమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి జొన్నరొట్టె పెట్టింది. తినేసి ఇస్సాకు జీపు నీడన తువ్వాలు పరుచుకొని ఒరిగాడు. రెండు నిమిషాల్లో గురక మొదలైంది. స్రవ్య అతన్ని లేపకుండా, నాగమణమ్మతో కబుర్లు చెబుతూ గంటసేపు గట్టు మీదే కూర్చుంది.