తల్లిగారింటి చీర వచ్చేదాకా

మా అత్తమ్మ పోయింది. పొద్దున రాగిజావ తాగి, గిన్నె నా చేతికిచ్చి, గోడ వైపు తిరిగి పడుకుంది. వంట ముగించుకుని లేపబోతే ఒళ్ళు చల్లగా తగిలింది. ఏళ్ళ తరబడి మతిమరుపు జబ్బుతో ఉన్న మనిషే. అయినా ఆమె పోతుందని నేను ఏనాడూ అనుకోలేదని అప్పుడే తెలిసింది. ఏడుపు రాలేదు. బంధువులకంటే ముందు నగరంలోని దవాఖానాకు ఫోన్ చేశాను. ఆ గొంతు నాదేనంటే ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను.

ఆ జబ్బు మీద పరిశోధన చేసేవాళ్ళకు పోయాక తన మెదడును ఇస్తానని అత్తమ్మ ముందే ఒప్పుకుంది. అందుకే ఆ ఫోన్.

ఆమె పుట్టిల్లు పర్ణశాల దగ్గర. చిన్నప్పుడు వాళ్ళమ్మకు ఇదే జబ్బు వస్తే, గాలి సోకిందని వేపమండలతో కొట్టించారట. "'ఎవరి బిడ్డవో గాని, జర వాళ్ళను ఆపమను' అన్నది మా అమ్మ నాతోని" అని చెప్పేది.

నాకు ఇల్లు నడపడం నేర్పింది ఆమే. ముసురు పట్టకముందే కట్టెలు లోపల పెట్టించేది. పండుగ వంటకు కావలసినవన్నీ ముందురోజే సర్దించేది. "పని తల మీద మొయ్యొద్దు బిడ్డా, చేసి దించెయ్యాలె" అనేది. ఒక ఎండాకాలం ఆవకాయలో ఉప్పు వేసిన సంగతి మరిచి మళ్ళీ వేసింది. ఎవరూ అనకముందే తానే అంది: "నాకూ మొదలైంది. దవాఖానాకు పోదాం. దాస్తే పుండు మానదు."

డాక్టరు మెదడు దానం సంగతి చెప్పేనాటికి ఆమె ఇంకా తెలివిగానే ఉంది. "కాలితే బూడిదే గద సారూ. ఇది ఎందుకొస్తదో జర చూడుండ్రి" అని ఒప్పుకుంది. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుంది. "మావాళ్ళు లొల్లి చేస్తరు. నువ్వు నిలబడాలె." సరేనన్నాను.

జబ్బు ముదిరాక కూడా ఆమె మర్యాద పోలేదు. గడపలోకి ఎవరొచ్చినా "అన్నం తిన్నవా?" అని అడిగేది. మడిచిన బట్టలే విప్పి మళ్ళీ మడిచేది. ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి, "మా పెద్దోనికి సంబంధం చూస్తున్నం. పనిమంతురాలివి, చేస్కుంటవా?" అంది.

"ఆయనకు కోపమెక్కువంట గదా?"

"అవ్, జర ఎక్కువే. నేను చెప్తలే వానికి."

పక్క గదిలో మా ఆయన గట్టిగా దగ్గారు.

ఆలస్యమైతే మెదడు పనికిరాదని దవాఖానావాళ్ళు చెప్పారు. ఇక్కడినుంచి నగరం చాలా దూరం. మధ్యాహ్నానికే ఐస్ పెట్టె ఉన్న వాన్ వాకిట్లోకి వచ్చింది. కానీ మా దగ్గర ఆడమనిషి పోతే, తల్లిగారింటి చీర కప్పనిదే గడప దాటించరు. ఆ చీర తేవలసింది ఆమె తమ్ముడు, మా ఆయన మేనమామ.

మామయ్య, ఆయన భార్య ఆటో దిగారు. చీర సంచి మామయ్య చంకలో ఉంది. వాన్ ఎందుకని అడిగి, విన్నాక, సంచిని ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

"తలకాయ కోయిపిస్తరా? మా అక్క ఏమన్న కోడా, మేకా?"

"ముఖానికి ఏం కాదు మామయ్యా. కుట్టేసి రేపు మనకే ఇస్తరు. అత్తమ్మే ఇమ్మన్నది."

"మతిలేని మనిషి మాట పట్టుకుంటవా? నీకన్న మతుండాలె గద!"

"అప్పుడు ఉన్నది మామయ్యా. మతి ఉన్నప్పుడే నాతోని మాట తీసుకున్నది."

మా ఆయన నేల చూపులు చూస్తున్నారు. వాన్ డ్రైవర్ గడియారం చూసుకున్నాడు. మామయ్య అక్క పక్కనే కూలబడి, కండువాతో ముఖం తుడుచుకున్నారు. కాసేపటికి తలెత్తి, ఎంతో నెమ్మదిగా అడిగారు:

"ఇంతకీ మా అక్కకు కబురు చేసిన్రా? ఆమెకు ముందు చెప్పాలె గద."

ఆయన భార్య ఎవరి ముఖమూ చూడకుండా, "యాడాది నుంచి గిట్లనే. ఎవ్వరికీ చెప్పలే" అంది. ఆయన ఒళ్ళోంచి సంచి తీసుకుంది. చీర విప్పి, ఒక కొస ఆయన చేతికిచ్చి, ఇద్దరూ కలిసి అత్తమ్మ మీద కప్పారు.

"పంపియ్ బిడ్డా" అంది నాతో. "జల్దీ పంపియ్."

మరునాడు అత్తమ్మ తిరిగివచ్చింది. ముఖం నిద్రపోతున్నట్టే ఉంది. అన్నీ పద్ధతి ప్రకారమే జరిపించాం. అయినా నా కళ్ళముందు నిలిచిపోయింది మాత్రం వాన్ కదిలిన ఆ ఘడియే. మామయ్య కూడా మాతో పాటు రోడ్డు మీదికి వచ్చారు. లోపల ఎవరున్నారని అడగలేదు. ఆయన భార్య ఆయన మణికట్టు పట్టుకుని ఉంది, నవమి జనంలో పిల్లవాణ్ణి పట్టుకున్నట్టు. వాన్ మలుపు తిరిగి కనబడకుండా పోయింది. ఆమె చెయ్యి వదల్లేదు.