పదో మనిషి

తడి చొక్కా మీద ఇస్త్రీపెట్టె ఆనించినప్పుడల్లా ఆ వాసనకి నాకు డబ్లిన్‌లో ఒక శనివారం గుర్తొస్తుంది.

అప్పుడు నాకు ఏడేళ్ళు. మాంద్యంలో మందుల ఫ్యాక్టరీ వాళ్ళు నాన్నని తీసేశారు. ఆయన రోజంతా కిటికీ దగ్గర కూర్చుని వాన చూసేవారు.

పక్కింట్లో ఒక యూదు తాత ఉండేవారు. వాళ్ళ మందిరంలో పదిమంది మగవాళ్ళు చేరితేగాని కొన్ని ప్రార్థనలు చదవకూడదట.

"ఒకప్పుడు మెట్ల దాకా జనమే. ఇప్పుడు కుర్రాళ్ళు పనుల కోసం లండన్ పోయారు. తొమ్మిదిమంది ముసలాళ్ళం మిగిలాం," అని శుక్రవారం గోడ మీదుగా అమ్మతో అన్నారు.

"మా డాడీ ఖాళీయే, తీసుకెళ్ళండి," అన్నాను. పదో మనిషి కూడా యూదుడే అయి ఉండాలని నాకేం తెలుసు?

అమ్మ సిగ్గుతో నన్ను గిల్లింది. తాత మాత్రం నవ్వలేదు. కిటికీలో నాన్న ముఖం చూసి, "గ్రాండ్, అలాగే. రేపు పొద్దున నాతో రమ్మనండి," అన్నారు.

నాన్న ఇంటర్వ్యూ చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్ళారు. తిరిగొచ్చాక, "పదిమంది అయ్యారా?" అని అడిగాను.

"ఆఁ, అయ్యాం తల్లీ," అన్నారు బూట్లు విప్పుకుంటూ.

ఆ ప్రార్థనలు ఆ రోజు జరగనేలేదని నేను పెద్దయ్యాక నాన్న చెప్పారు. తనని లెక్కలో వెయ్యరని అక్కడికి వెళ్ళాకే తెలిసిందట. అయినా వెనక బెంచీ మీద కూర్చుని, ఆ తొమ్మిదిమందితో పాటు తలుపు వైపు చూస్తూ, రాని పదో మనిషి కోసం గంటసేపు ఎదురుచూశారట.

ఆ పై శనివారం కూడా నాన్న చొక్కా ఇస్త్రీ చేసుకున్నారు.