గట్టు కింద వేపవేరు

మా అమ్మ బతికినన్నాళ్లూ ఇతరుల చేలల్లో, ఎండలో పనిచేసింది. చివరి రోజుల్లో ఆమె కోరింది ఒక్కటే, తన సమాధికి తలవైపు ఒక చెట్టు నాటమని. కమలాపురం దగ్గర మా ఊరి చర్చి సమాధుల స్థలంలో అప్పటికి ఒక్క చెట్టూ లేదు. నేను వేపమొక్క నాటాను. ఏడేళ్లయింది.

నిరుడు సమాధుల పండగకు రెండు రోజుల ముందు సున్నం కొట్టడానికి వెళ్లాను. అమ్మ పక్క సమాధి మీద పరిచిన నాపరాయి ఒక అంచున పైకి లేచి ఉంది. అది మా వీధిలోని అవ్వ భర్త సమాధి. అవ్వ అప్పటికే మేస్త్రిని పిలిపించింది. ఆయన ముస్లిం. వాళ్ల నాన్న కాలం నుంచి మా ఊరి సమాధులు వాళ్లే కడతారు. రాయి తీసి గడ్డపారతో మట్టి తవ్వాడు. సమాధి చుట్టూ కట్టిన గట్టు కింద నా మణికట్టంత లావు వేరు కనిపించింది.

"చూడు టీచరమ్మా, మీ చెట్టు పక్కింట్లోకి వచ్చుండాది. గొడ్డలితో రెండేట్లు ఏస్తే అయిపోతాది," అన్నాడు మేస్త్రి.

ఆ వేరు అటెందుకు వచ్చిందో నాకు తెలుసు. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక బిందెడు నీళ్లు తెచ్చి, దారికి దగ్గరని, రెండు సమాధుల మధ్యే పోసేదాన్ని. చుట్టూ ఎండిన నేల. తడి ఉన్న చోటే వేరు పెరిగింది. బడిలో వేళ్ల పాఠం చెప్పే నేనే ఈ పని చేశాను.

సన్నని వేరైతే నరకమనేదాన్నే. నీళ్లు తాగే వేళ్లు సన్నగా, దూరంగా ఉంటాయి, తెగినా మళ్లీ వస్తాయి. ఇది మొదలు నుంచి నేరుగా పడమటికి వచ్చింది. మా దగ్గర ఆషాఢం గాలి పడమటి నుంచే కొడుతుంది. చెట్టును పట్టి నిలిపేది ఇలాంటి వేరే. చిన్నప్పుడు అమ్మ నాకు జొన్నదంటు మొదట్లో, నేలకు పైన, చుట్టూ వచ్చే బిరుసు వేళ్లు చూపించి, "ఇవి పడకుండా పట్టుకోనేటియి" అంది. వాటిని ఊతవేళ్లు అంటారని తర్వాత పుస్తకంలో చదివాను.

"తప్పు నాది అవ్వా," అన్నాను. నీళ్ల సంగతి చెప్పాను. చెట్టును ఉంచమని మాత్రం అడగలేకపోయాను. లేచిన రాయి ఆమె భర్తది.

అవ్వ కూర్చుని వేరును బొటనవేలితో నొక్కి చూసింది.

"ఇది కొడితే చెట్టు సచ్చిపోతాదా?"

"చావదు. గాలికి నిలబడదు."

ఆమె మేస్త్రిని అడిగింది. "ఏమప్పా, గట్టు లోపలికి జరిపి కడితే?"

"జానెడు జాగా పోతాది పెద్దమ్మా."

"పోనీలే. బతికినన్నాళ్లూ చేని గట్టు కాడ జానెడు కోసరం వాళ్లన్నతో కొట్లాడినాడు. ఈడన్నా ఇయ్యనీ."

"ఆయప్ప ఒప్పుకుంటాడా?"

"ఒప్పుకోకుంటే లేసొచ్చి అడగమను."

మేస్త్రి పెద్దగా నవ్వాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అవ్వ నా వైపు చూడకుండానే అంది, "మీయమ్మ కలుపు తీసేటప్పుడు తన సాలు ముగించుకోని, నా సాల్లోకి ఎదురొచ్చేది. నేను చెయ్యమని యాపొద్దూ అడగలే."

మధ్యాహ్నానికి గట్టు జానెడు లోపలికి వచ్చింది. నాపరాయి అంచు కోసి మళ్లీ పరిచారు. వేరు మీద మట్టిని అవ్వే చేత్తో కప్పింది.

"ఇక నుంచి నీళ్లు తూర్పు పక్కన, దూరంగా పోస్తానవ్వా," అన్నాను.

"తూర్పు పక్క నా సమాధికని నేను పెట్టుకున్న జాగా." ఆమె చీరకు అంటిన మట్టి దులుపుకుంది. "అయినా నీళ్లు ఆడే పొయ్యి. నాకంటే ముందు వేరొచ్చిందనుకో, నన్ను రవ్వంత ఎడంగా పెట్టమని చెప్పు."