ఫోటో మూలన ‘ఏ.పి.’

2008లో మేము మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఉండేవాళ్ళం. మా పాప స్కూల్లో లైబ్రరీ కోసం పాత ఫోటోల వేలం పెట్టారు. ఫోటోలు సేకరించేవాళ్ళు ముచ్చటపడి కొనే ప్రింట్లు ఏరే కమిటీలో నన్నూ వేశారు.

బల్ల నిండా బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు పరిచారు. ఒకదాని దగ్గర ఆగిపోయాను. గడ్డివాము పక్కన తలగుడ్డ కట్టుకుని మొక్కజొన్న పొత్తులు ఒలుస్తున్న ముసలామె. కింద మూలన పెన్సిల్‌తో ‘ఏ.పి.’ అని ఉంది.

ఇంకేముంది! “ఇది మా ఆంధ్రప్రదేశ్!” అని అరిచాను. అక్కడితో ఊరుకోవచ్చుగా? మా గుంటూరు ఎండల గురించి, మా పల్లెల అమాయకత్వం గురించి ఉపన్యాసం దంచాను. “పాపం, ఈవిడ జన్మలో కెమెరా చూసి ఉండదు” అంటూ కళ్ళు కూడా తుడుచుకున్నాను.

వేలానికి ఫోటోలు ఇవ్వడానికొచ్చి వెనక కూర్చున్న పెద్దాయన మెల్లగా చెయ్యెత్తాడు. “మేడమ్, ఆవిడ మా అమ్మ. అది ఒహాయోలో మా పొలం. నాకు కెమెరా పట్టడం నేర్పింది ఆవిడే.”

“మరి ఏ.పి.?” అన్నాను.

“ఆర్టిస్ట్స్ ప్రూఫ్. ఫోటో తీసినవాడు అమ్మకుండా తనకోసం ఉంచుకునే కాపీ. ఇన్నాళ్ళూ నా దగ్గరే ఉంది, లైబ్రరీ కోసమని ఇప్పుడు ఇస్తున్నాను.”

ఇంటికొచ్చి చెబితే మావారు పడీపడీ నవ్వారు. ఆయనది వరంగల్. “అంతసేపు స్పీచ్ ఇచ్చినవ్ గదా, మా వరంగల్ ఎండల గురించి ఒక్క ముక్క చెప్పలేదేంది?” అన్నారు.

వేలంనాడు ఆ పెద్దాయన నన్ను చూసి దూరం నుంచే “హలో, ఏ.పి.!” అని కేకేశాడు. సిగ్గుతో చచ్చినా, హాయిగా పలికాను. ఎంతైనా, అమ్మకుండా ఉంచుకున్న కాపీ అనేగా ఆ మాటకర్థం!