పదిహేడు ఉన్నచోట ఒకటి, రెండు

రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు, ఒక జూన్ నెలలో నన్ను టెక్కలి నుంచి పలాసలోని డయాలసిస్ వార్డుకు హెడ్ నర్సుగా వేశారు. ఒక్కొక్కరికి నాలుగు గంటలు పట్టేది. మధ్యాహ్నం షిఫ్టులో యంత్రాల హోరుకు, ఉద్దానం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి వార్డంతా జోగుతుండేది. నడుస్తున్నా కలలో ఉన్నట్టే ఉండేది నాకు.

కునుకు తీయనిది దమయంతి ఒక్కతే. జీడిపప్పు ఫ్యాక్టరీలో గుండు, బద్ద వేరుచేసే పని ఆమెది. ఎడమచేతికి సూదులు, కుడిచేతిలో పెన్సిలు, ఒళ్లో అంకెల పజిళ్ల పుస్తకం. లెక్కలంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లుమంట.

"అన్నీ గళ్లే కదా, ఏటి తేడా?" అని విసుక్కున్నాను.

"అలాగనేత్తే ఎలాగ సిస్టరమ్మా? ముందు రకం సూడాల" అని నవ్వింది.

తొమ్మిది పెద్ద గళ్లుగా విడగొట్టి ఉంటే సుడోకు. వరసలో గానీ పెద్ద గడిలో గానీ ఏ అంకె కూడా రెండోసారి రాకూడదు. నల్లగడిలో ఏటవాలు గీత, దాని పక్కన మొత్తం ఉంటే కకురో. తెల్లగళ్లు కూడితే ఆ మొత్తం రావాలి. లావుగీతల గుంపు మూలన అంకెతోపాటు కూడిక, గుణకారం గుర్తులుంటే అది ఇంకో రకం. వారానికి మూడు రోజులు పాఠం చెప్పి నన్నూ ఆ పిచ్చిలోకి దింపింది.

"కకురోలో రెండు గళ్లకి పదిహేడంటే ఎనిమిదీ తొమ్మిదే. కళ్లు మూసుకుని ఏసెత్తాను" అనేది.

ప్రతి అరగంటకూ బీపీ చూసి చార్టులో రాయాలి. ఒకరోజు రెండున్నరకు దమయంతికి చూశాను, బాగానే ఉంది. పది నిమిషాలకు అటు వెళ్తూ పుస్తకంలోకి తొంగిచూశాను. కకురో. పదిహేడు ఉన్నచోట ఒకటి, రెండు వేసింది. కింద మూడు, నాలుగు. మొత్తాల వంక చూడకుండా వరసగా నింపేస్తోంది.

"దమయంతీ, ఇదేటి రకం?"

"సుడోకే కదా" అంది ఆవలిస్తూ.

నాయనో! బీపీ పట్టీ చుడితే పై అంకె డెబ్బై. ఒంట్లోంచి నీరు తీసేటప్పుడు ఒక్కోసారి బీపీ ఇలా పడిపోయి, మెదడుకు రక్తం అందక మనిషి తికమకపడుతుంది. ఆలస్యమైతే మనిషి దక్కదు. నీరు తీయడం ఆపి, కాళ్లు ఎత్తుగా పెట్టి, సెలైన్ వదిలి, డాక్టరును కేకేశాను.

పావుగంటకు ఆమె ముఖం తేటపడింది. పుస్తకం చూసుకుని, "సీ, ఎవులేసారీ అంకెలు?" అంది.

"నువ్వే" అన్నాను.

"అయితే రబ్బరియ్యండి."

ఆ తర్వాత వార్డులో చేరిన ప్రతి ఒక్కరినీ, కళ్లు మూసుకుని చేయగలిగే పని ఏమిటని అడిగి చార్టు పైన రాసేదాన్ని. ఆ పని చేస్తున్నప్పుడో, దాని గురించి అడిగినప్పుడో తప్పు కనిపిస్తే బీపీ చూడటానికి తర్వాతి అరగంట కోసం ఆగేదాన్ని కాదు. దమయంతి చార్టు మీద రాసింది ఒకటే మాట: కకురో.