రాజ్యం తీసేసిన సంస్కృతం

అమలాపురంలో శుభలేఖలు వేయించుకున్నవాళ్లకి రాజ్యం గురించి చెప్పక్కర్లేదు. భర్త పోయాక ఆ డీటీపీ షాపే ఆవిడకి ఆధారం. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనలేక, లినక్స్‌లో ఉచితంగా దొరికే టైప్‌సెట్టింగ్ సొంతంగా నేర్చుకుంది. మొండిమనిషి, ఎవరినీ ఏదీ అడగదు.

ఐనవిల్లిలో సోమయాజులుగారని రిటైరైన సంస్కృతం పంతులుగారు. స్తోత్రాలకి వ్యాఖ్యానం రాసి, పుస్తకంగా కూర్చమని ఆవిడకే ఇచ్చారు. అప్పటికే ఆయన కళ్లకి ఆపరేషనయింది. పక్కచూపు తగ్గొచ్చని డాక్టరు ముందే చెప్పాడు. చూపు తగ్గేలోగా ప్రూఫు తన కళ్లతో తనే దిద్దుకోవాలని ఆయన ఆశ.

అంతలో షాపు కంప్యూటర్‌లో డిస్కు నిండిపోయింది. సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన గ్రీకు, రష్యన్, అరబ్బీ భాషల ప్యాకేజీలన్నీ రాజ్యం పీకేసింది. ఆ ఊపులో సంస్కృతం కూడా. మనవైపు సంస్కృతం చదివేది తెలుగు అక్షరాల్లోనే కదా, ఇది నాగరి లిపి కోసమనుకుంది. నిజానికి తెలుగు అక్షరాల్లో ఉన్నా సరే, బారెడు సమాసాల్ని పంక్తి చివర ఎక్కడ విరవాలో చెప్పేది ఆ ప్యాకేజీయే. అది లేక పదాలు మార్జిన్ దాటిపోయాయి. హెచ్చరికలు వచ్చాయి. రోజూ వచ్చేవేలే అని వదిలేసింది. పుస్తకం సైజుకి కోసేసరికి పంక్తుల చివరి అక్షరాలు తెగిపోయాయి. పెళ్లిళ్ల హడావిడిలో ఒక్క పేజీ చూడకుండా ప్రూఫు పంపేసింది.

కొన్నాళ్లకి ఆయన ఫోన్ చేసి పని ఆపేయమన్నారు.

"కుడివైపు అక్షరాలు కనపట్టం లేదమ్మా. డాక్టరుగారు చెప్పిందే అయ్యింది."

శ్రమ పెట్టానని నొచ్చుకున్నారు కూడా. రాజ్యం అయ్యో పాపం అనుకుంది గానీ ఫైలు తెరిచి చూడాలని తోచలేదు. ఆవిడ మీద నాకు కోపం అక్కడే.

ఆ తర్వాత ఆయన ఏ పుస్తకమూ ముట్టుకోలేదు. పేపరు కూడా భార్య కామేశ్వరిగారు చదివితే వినేవారు. ఆ వానాకాలంలోనే నిద్రలో పోయారు.

సంవత్సరీకానికి పుస్తకం పంచుదామని కామేశ్వరిగారు కబురు పెట్టాక రాజ్యం ఆ ఫైలు తెరిచింది. తెగిన పంక్తులు చూసింది, హెచ్చరికలు చదివింది. సంస్కృతం ప్యాకేజీ మళ్లీ వేయగానే పంక్తులన్నీ సర్దుకున్నాయి. దాచడం చేతకాక ఐనవిల్లి వెళ్లి, పాత ప్రూఫు, కొత్త ప్రూఫు పక్కపక్కన పెట్టి జరిగిందంతా చెప్పేసింది.

కామేశ్వరిగారు తిట్టలేదు. పాత ప్రూఫు కుడి అంచు వేలితో తడిమారు.

"అయితే ఆయన కళ్లు బాగానే ఉన్నాయా అమ్మా?"

"ఆయ్, బాగానే ఉన్నాయండి, మామ్మగారూ."