ఎవరూ ఓడని ఆట

మా చిన్నప్పుడు ఫిల్మ్ నగర్ ఇంట్లో... అమ్మానాన్న పోట్లాడుకున్నారంటే కాసేపటికి అటక మీంచి చదరంగం దిగేది.

నాన్న సినిమాల్లో కో-డైరెక్టర్. షెడ్యూల్ అని వెళ్తే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలీదు. "ఈ ఒక్క సినిమా అయిపోనీ, ఇంటిపట్టునే ఉంటా" అనేవాడు. అమ్మది పక్కా హైదరాబాద్. మాటకు మాట అప్పజెప్పేది. ఇద్దరూ కాలేజీ రోజుల్లో చదరంగం పోటీల్లోనే కలిశారట.

పోట్లాట తర్వాత వాళ్లు కొత్త ఆట ఆడేవాళ్లు కాదు. ఎప్పుడో వందేళ్ల కిందట ఇద్దరు మహా ఆటగాళ్లు డ్రా చేసుకున్న ఆట... ఇద్దరికీ కంఠతా వచ్చు. దాన్నే ఎత్తుకు ఎత్తు మళ్లీ వేసేవాళ్లు. మొదట ఇద్దరి రాజుల ముందు బంట్లు, ఆ వెంటనే చెరో రెండు గుర్రాలు. నాలుగు గుర్రాల ఓపెనింగ్ అంటారు దాన్ని. చివర్లో నాన్న మంత్రితో చెక్ చెప్పడం, అమ్మ రాజును పక్కకు జరపడం, మళ్లీ చెక్, మళ్లీ జరపడం... ఎంతకీ తెగదు. అంతే, డ్రా. ఎవరూ ఓడలేదు కాబట్టి మాటలు కలిసేవి. అమ్మ లేచి కంచాలు పెట్టేది. గుర్రాలు బయటికొస్తే చాలు, నాకు ఆకలి గుర్తొచ్చేది.

నేను ఆరో క్లాసులో ఉండగా అమ్మమ్మ పోయింది. దినాలు కూడా అయిపోయాక వచ్చాడు నాన్న. ఔట్‌డోర్ షూటింగట. ఈసారి పోట్లాటే జరగలేదు. నాన్నే చదరంగం దించాడు.

గుర్రాలొచ్చాయి, అన్నీ వచ్చాయి. నాన్న చెక్ అన్నాడు. అమ్మ రాజును జరపలేదు... వేలితో మెల్లగా పడుకోబెట్టింది. అలా చేస్తే ఓటమి ఒప్పుకున్నట్టు.

"అదేంటి? ఇది డ్రా కదా!" అన్నాడు నాన్న.

"నాకెర్కే. ఇగ నాతోని కాదు" అంది అమ్మ.

నాన్న నవ్వేసి, "వన్ మోర్" అన్నాడు. సెట్లో టేక్ బాగా రానప్పుడు అన్నట్టే! గబగబా పావులన్నీ మొదట్నించీ పేర్చాడు. అమ్మ అప్పటికే లోపల నా బట్టలు సర్దుతోంది.

సాయంత్రానికి ఆటోలో వెంగళరావు నగర్, పెద్దమ్మ వాళ్లింటికి. ఇక వెనక్కి వెళ్లలేదు. నేను ఏడవలేదు కూడా. ఏంటో... ఏమీ అనిపించలేదు. ఇప్పటికీ అంతే. ఇద్దరి ఇళ్లకూ వెళ్తాను, పెట్టింది తిని వస్తాను, ఎవరి దగ్గరా ఆ మాట ఎత్తను.

ఇప్పుడు నేనూ మా ఆవిడా గొడవపడితే చెరో ఫోన్ తీసుకుని చెరో గదిలోకి పోతాం. ఆ రోజుల్లోలా అంతసేపు ఎదురెదురుగా కూర్చునే ఓపిక ఎవరికుంది? ఈసారి నాలుగు రోజులైంది...

మీ ఇళ్లల్లో అమ్మానాన్న పోట్లాడుకుంటే మళ్లీ మాటలెలా కలిసేవో కాస్త చెప్పరూ... నేను చూసింది ఆ ఒక్క దారే.